మన్యం పితూరీలలో ఆదివాసీ స్త్రీ

ఈ వ్యాసానికి కారణం ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి. జహీరాబాద్ ప్రాంతంలో నేను తెలుగు పంతులుని. నా తరగతి గదిలో చుట్టుపక్కల తండాల నుంచి వచ్చే లంబాడీ పిల్లలు చాలామంది ఉంటారు. ఆ మధ్య అల్లూరి సీతారామరాజు గురించి చెబుతున్నాను. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి - మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్లు, 26 తుపాకులు, 2500కు పైగా తూటాలు అని బల్లమీద రాసి మరీ చెప్పాను. మగపిల్లల కళ్లు మెరుస్తున్నాయి. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "సార్, ఆ అడివిల ఆడోళ్లు లేకుండెనా?" అన్నది.

తరగతి అంతా నవ్వింది. నేను మాత్రం, "ఉన్నరమ్మా, వెనక ఉండి సాయం చేసిండ్రు" అని తరువాతి వాక్యంలోకి వెళ్లిపోయాను. ఆ అమ్మాయి కూర్చుంది. కానీ ఆ జవాబు చెప్పడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదన్న సంగతి నాకు తెలుసు. అంతకంటే సిగ్గుపడవలసిన విషయం మరొకటుంది. సుమారు పదేళ్ల కింద ఒక వ్యాసంలో, "వలస పాలనకు వ్యతిరేకంగా ఆదివాసీ స్త్రీలు పురుషులతో భుజం భుజం కలిపి పోరాడారు" అని నేనే రాశాను. ఏ భుజం, ఎక్కడ, ఏ సంవత్సరం అని ఒక్క మిత్రుడూ అడగలేదు. అడగని కారణం స్పష్టమే. అటువంటి వాక్యాలు మన వ్యాసాలలో వాక్యాలుగా కాక మర్యాదలుగా చలామణీ అవుతున్నాయి. సభలో చివరన చెప్పే వందన సమర్పణ వంటివి అవి. స్త్రీలకూ ఒక దండ పడింది, సభ ముగిసింది.

ఆత్మవిమర్శ అన్నది మన సంఘాలలో తరచు వినిపించే మాట. దాన్ని ఈసారి నా వాక్యంతోనే మొదలుపెడతాను.

ముందుగా మనకున్న ఆధారాల స్వభావం ఏమిటో చూడాలి. గూడెం, రంప కొండల్లో 1839 నుంచి 1924 వరకూ జరిగిన తిరుగుబాట్లను తెల్లదొరలు 'పితూరీలు' అని రాసుకున్నారు. ఆ మాట వాళ్ల కచేరీ మాట. మనం దాన్ని తీసుకుని వాడుకుంటున్నాం. ఈ పితూరీల గురించి మనకు తెలిసినదంతా ప్రధానంగా రెవెన్యూ అధికారులు, పోలీసు అధికారులు రాసిన నివేదికల నుంచి, 1907లో అచ్చయిన గోదావరి, విశాఖపట్నం జిల్లా గెజిటీర్ల నుంచి వచ్చింది. ఆ కాగితాల్లోకి ఒక మనిషి ఎక్కాలంటే మూడే దారులు: శిస్తు కట్టాలి, తుపాకి పట్టాలి, లేదా కోర్టు బోనులో నిలబడాలి. శిస్తు ముఠాదారు పేరున, తుపాకి మగవాడి చేతిలో, బోను పట్టుబడ్డవాడికి. ఇక స్త్రీ ఎక్కడ కనబడుతుంది? 1982లో సబాల్టర్న్ స్టడీస్ మొదటి సంపుటంలో డేవిడ్ ఆర్నాల్డ్ ఈ తిరుగుబాట్ల మీద రాసిన వ్యాసం మనందరికీ ఉపయోగపడింది. నేనూ దానికి రుణపడ్డవాణ్ణే. కానీ దాని శీర్షికలోనే 'హిల్‌మెన్' అనే మాట ఉంది. కింది వర్గాల వైపు నుంచి చరిత్రను చూడాలని బయలుదేరిన పుస్తకంలో కూడా కొండ మీద మగవాళ్లే మిగిలారు.

అయినా గోదావరి గెజిటీరులో ఒక స్త్రీ కనబడుతుంది. ఆమె కథ కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

రంప మన్సబ్‌దారు రామభూపతితో కుంఫిణీ ప్రభుత్వం 1813లో ఒడంబడిక చేసుకున్నది. అతడు 1835లో చనిపోయాడు. అతనికి ఒక కూతురు, వివాహేతర సంబంధం వల్ల పుట్టిన కొడుకు మధువతి రామభూపతి ఉన్నారు. ముఠాదారులు మొదట కూతురినే మన్సబ్‌దారుగా అంగీకరించారు. కొంతకాలానికే ఆమె శీలం మీద అనుమానాలు వచ్చాయని, అన్నాచెల్లెళ్లిద్దరినీ ఆ సీమ నుంచి వెళ్లగొట్టారని గెజిటీరు రెండు ముక్కల్లో తేల్చేసింది. తరువాత 1848లో ప్రభుత్వమే పూనుకుని, ముఠాదారులకు నచ్చజెప్పి, ఆ మధువతి రామభూపతిని మన్సబ్‌దారుగా కూర్చోబెట్టింది. అతడు ముఠాదారుల మీద పన్నులు పెంచాడు, ముఠాలు కాజేశాడు, కల్లు మీద పన్ను పిండాడు. చివరికి 1879 మార్చిలో రంప అంతా లేచింది. ఆ మంట సుమారు 5000 చదరపు మైళ్లకు పాకింది. దాన్ని ఆర్పడానికి దండులు దండులుగా మద్రాసు సైన్యం దిగవలసి వచ్చింది. అప్పుడుగానీ మన్సబ్‌దారీ రద్దు కాలేదు.

ఇందులో గమనించవలసినది ఏమిటి? కూతురిని దింపడానికి శీలం మీద అనుమానం చాలింది. కొడుకును దింపడానికి ఒక యుద్ధం కావలసి వచ్చింది. ఆ అనుమానం ఎవరిది, దాని వెనక ఏ ముఠాల తగాదా ఉంది అన్నది రాసేవాడికి అక్కరలేని విషయం. ఆమె పేరు కూడా గెజిటీరుకు అక్కర లేకపోయింది. ఆమె సామాన్య ఆదివాసీ స్త్రీ కాదు, పాలక కుటుంబపు మనిషి అని మిత్రులు అనవచ్చు. నిజమే. పాలక కుటుంబపు ఆడపిల్లకే పేరు దక్కని కాగితంలో పోడు చేసుకునే స్త్రీకి చోటు ఎక్కడిదన్నదే నేను చెప్పదలచుకున్నది.

ప్రభుత్వ కాగితాల సంగతి సరే, మన సాహిత్యం ఏం చేసింది? చెంచులక్ష్మి కథను తీసుకుందాం. అహోబిలం నరసింహస్వామి మోహించిన అడవి పిల్ల. యక్షగానాల నుంచి 1943, 1958 నాటి సినిమాల వరకు ఆమె మనకు ప్రియురాలిగా తప్ప మరోవిధంగా తెలియదు. ఆమె తేనె తీస్తుంది, బాణం వేస్తుంది, అయినా కథ ఆమెను పెళ్లిపీటల దాకానే నడిపిస్తుంది. యక్షగానంలో ఎరుకలసాని వస్తుంది. ఆమె గడుసుగా మాట్లాడుతుంది, నాయిక చేయి పట్టి జోస్యం చెబుతుంది, ప్రేక్షకుల్ని నవ్విస్తుంది, గంపెత్తుకుని వెళ్లిపోతుంది. ఎక్కడికి వెళుతుందో కవికి అక్కర లేదు. 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు' సినిమాలో కథానాయకుడికి ఒక సీత ఉంటుంది. ఆమె అతనికోసం నిరీక్షిస్తుంది. కొండల్లో అతనితో నడిచిన జనం మాత్రం గుంపుగానే మిగిలిపోతారు. నాయకుడికి ఒక ప్రియురాలు కావాలన్న సినిమా అవసరం ముందు ఆ కొండల స్త్రీలు నిలవలేకపోయారు. 2022 నాటి 'ఆర్‌ఆర్‌ఆర్'లో గోండు పిల్ల మల్లిని దొరసాని ఎత్తుకుపోతుంది, తల్లి దెబ్బతిని పడిపోతుంది. కథ నడవడానికి ఆ తల్లీబిడ్డలు కావాలి, కథను నడపడానికి మాత్రం ఇద్దరు మగవాళ్లే ఉన్నారు. దాదాపు యాభై ఏళ్ల ఎడంతో వచ్చిన రెండు సినిమాలు ఈ విషయంలో ఒకే చోట నిలబడ్డాయి.

కనుక ఇటు ఫైలూ అటు కావ్యమూ రెండూ మనకు దారి చూపవు. మరి దారి ఎక్కడుంది? నా ఉద్దేశంలో శ్రమలో ఉంది. తిరుగుబాటుకు కారణమైన ప్రతి చట్టం, ప్రతి పన్ను ఎవరి పని మీద పడిందో విడమరిచి చూస్తే, నివేదికలో లేని మనిషి నివేదిక చాటునుంచి కనబడటం మొదలవుతుంది.

రేకపల్లి సంగతి చూడండి. భద్రాచలం వైపు ఉన్న ఆ సీమ 1874లో మధ్యపరగణాల నుంచి మద్రాసు రాజధానిలోకి బదిలీ అయింది. అంతకుముందు పోడు చేసుకునేవాడు గొడ్డలికి నాలుగణాలు కట్టేవాడు. మద్రాసు ప్రభుత్వం వచ్చి ఆ పన్నును దాదాపు మూడింతలు చేసింది. కొన్ని అడవుల్లో పోడు కొట్టనే కూడదన్నది. 1879లో రంప మంట రేకపల్లికి పాకడానికి ఇదే ముఖ్య కారణమని గెజిటీరే ఒప్పుకుంటుంది. ఆ తరువాత 1882 మద్రాసు అడవుల చట్టం వచ్చి ఈ ఆంక్షలకు శాశ్వత రూపమిచ్చింది.

పన్ను లెక్క గొడ్డలి మీద. గొడ్డలి మగవాడిది. కాబట్టి చరిత్రకారుడి కంటికి ఇది మగవాడి బాధగా కనబడింది. కానీ పోడు అంటే గొడ్డలి ఒక్కటేనా? చెట్లు నరికి కాల్చడం వేసవిలో కొద్దివారాల పని. ఆ తరువాత వానకు ముందు బూడిదలో కర్రతో గుంటలు చేసి విత్తు వేయడం, కలుపు తీయడం, కోయడం, కట్టలు మోయడం, దంచడం, అంబలి కాచడం - ఏడాది పొడవునా సాగే ఈ పనిలో అధికభాగం స్త్రీల చేతుల మీద నడిచింది. సామ, కొర్ర, చోడి, కంది, జొన్న కలిపి చల్లే ఆ పొలంలో ఏ విత్తు దాచాలి, ఏది తినాలి అన్న నిర్ణయం ఇంటి ఆడవాళ్లది. ఈ మాట పుస్తకం చూసి చెప్పడం లేదు. మా జహీరాబాదు ఎర్రనేలల మీద విత్తనం ఎవరి చేతిలో ఉంటుందో నాకు తెలుసు. పస్తాపురం చుట్టుపక్కల దళిత స్త్రీల సంఘాలు చిరుధాన్యాల విత్తనాలను కుండల్లో, బూడిదలో, వేపాకులో దాచి నిలబెట్టుకున్న తీరు దేశమంతా చూసింది. అది మైదానపు మెట్ట, ఇది కొండపోడు. రెండిటికీ తేడా ఉంది. విత్తనాన్ని దాచే పని మాత్రం రెండు చోట్లా ఆడవాళ్లదే. అటువంటప్పుడు 'ఈ అడవిలో పోడు కూడదు' అన్న ఉత్తరువు మగవాడి చేతిలోని గొడ్డలిని లాక్కుంటే, స్త్రీ చేతిలోని ఏడాది తిండినీ వచ్చే ఏటి విత్తనాన్నీ లాక్కున్నది. ఆకలి ముందుగా తెలిసేది కుండలో గరిటె పెట్టే మనిషికే.

కల్లుపన్ను సంగతీ అంతే. ఇంటి వాడుకకు జీలుగు, తాటి చెట్లు గీసుకోవడాన్ని ఆపి, కల్లు హక్కును గుత్తకిచ్చి, గుత్తేదార్ల చేత 'చిగురుపన్ను' వసూలు చేయించడం 1879 తిరుగుబాటుకు నిప్పురవ్వ అయింది. తెల్లదొరల నివేదికలు దీన్ని తాగుబోతుల గొడవగా చూశాయి. మన రచయితలు కూడా కొందరు ఇక్కడికి వచ్చేసరికి ఇబ్బంది పడి పక్కకు తప్పుకుంటారు, ఉద్యమ కారణాల్లో కల్లు ఉండటం ఏమిటని. కానీ వేసవిలో ధాన్యం అయిపోయాక కొండ ఇళ్లలో కల్లు తిండికి బదులు. కరువు వస్తే జీలుగు మాను కొట్టి లోపలి దవ్వ దంచి పిండి తీసి కాచుకుంటారు. మామిడి టెంకల జీడి నానబెట్టి, చేదు పోగొట్టి అంబలి చేస్తారు. టెంక నుంచి చేదు తీయడం ఎంత శ్రమో, ఎన్ని నీళ్లు మోయాలో ఊహించండి. జీలుగు మీద గుత్తేదారు చేయిపడితే, ఆ శ్రమ అంతా ఎవరి మీద పడుతుంది?

సంతలో సాహుకారు చింతపండు తీసుకుని ఉప్పు కొలుస్తాడు. ఆ ఉప్పు మీద సర్కారు పన్ను. కొండ దిగి ఆ చింతపండు మోసుకొచ్చేది ఎక్కువగా స్త్రీలే. సాహుకారు దొంగ తూకాన్ని మొదట చూసే కళ్లు వాళ్లవి. పితూరీలలో సాహుకార్లమీద ఎందుకంత కోపం ప్రకటితమైందో అర్థం కావాలంటే సంతలో ఆ తక్కెడ దగ్గర నిలబడి చూడాలి.

ఇక 1922 నాటికి గూడెం కొండల్లో రోడ్ల పని. నర్సీపట్నం నుంచి పైకి రోడ్డు వేయడానికి డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండజనాన్ని వెట్టికి తోలాడు. కూలి నామమాత్రం, అదీ చేతికి రావడం గగనం. గాం గంటందొర సోదరుల వంటి వాళ్లు సీతారామరాజు వెంట నడవడానికి బాస్టియన్ చేసిన అన్యాయాలు ముఖ్య కారణం. ఇంట్లో మగవాడు రోడ్డు మీద రాళ్లు కొడుతుంటే పోడు పని ఎవరు చేశారన్నది ఎవరూ అడగని ప్రశ్న. వెట్టి మనిషి ఒక్కడైతే, వెట్టి భారం మాత్రం ఇద్దరిది.

ఇంతవరకూ చెప్పినవి కారణాలు. ప్రతిఘటనలో పాత్ర మాటేమిటి? ఇక్కడ నాకు పుస్తకాల కంటే ఒక అవ్వ ఎక్కువ నేర్పింది.

ఆ అమ్మాయి ప్రశ్న విన్న వారం రోజులకు ఆమె తండాకు వెళ్లాను. వాళ్ల ఇంట్లో పెద్దావిడ ఒకామె ఉండేది, ఇప్పుడు లేదు. రజాకార్ల రోజుల్లో ఆమె పదేళ్ల పిల్ల. ఆ రోజుల్లో తండా మగవాళ్లు చెట్లల్లో, వాగుల్లో దాక్కున్నారట. నేను అల్లూరి సంగతి చెప్పి, ఆడవాళ్లు వెనక ఉండి సాయం చేసి ఉంటారు గదా అవ్వా అన్నాను. ఆమె నన్ను చూసి నవ్వింది.

"వెనకనా? నీకెవలు చెప్పిండ్రు సారూ? ఇరవై మంది మొగోళ్లు అడివిల వండుకుంటే పొగ లేస్తది. పొగ లేస్తే పోలీసోడు అటే వస్తడు. మంచు పడేటప్పుడు, తెల్లారకముందే రొట్టెలు కాల్చాలె. పొగ మంచుల కలిసిపోతది. ఇంట్ల ఐదుగురుంటే ఐదుగురికే కాల్చినట్టు కనవడాలె, పిండి ఎక్కువ పట్టినట్టు తెల్వద్దు. గడ్డి మోపుల పెట్టుకోని పోవాలె. ఎదురుంగ సిపాయి వస్తే భయపడొద్దు, మోపు దించొద్దు. గిది ఎనకనా?"

గెరిల్లా యుద్ధం గురించి నేను చదివిన పుస్తకాల్లో ఈ పొగ సంగతి లేదు. తిండి, సమాచారం, ఆశ్రయం అన్న మూడు మాటలు మాత్రం ఉన్నాయి. వాటిని మనం 'ప్రజల మద్దతు' అనే ఒక్క మాటలో కట్టిపడేస్తాం. ఆ మద్దతును రోజూ తయారు చేసే మనిషి ఎవరో అవ్వ చెప్పింది.

ఇది రజాకార్ల నాటి మా మెట్టప్రాంతపు అనుభవం, దాన్ని తీసుకుపోయి గూడెం కొండల మీద అతికించడం తగదని నాకు తెలుసు. లంబాడీలు వేరు, కొండదొరలు, కోయలు, కొండరెడ్లు, బగతలు వేరు. కానీ ప్రభుత్వం వైపు నుంచి చూస్తే ఇదే సత్యం బయటపడుతుంది. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి దగ్గర స్కాట్ కవర్డ్, హేటర్ అనే ఇద్దరు అధికారులు హతమయ్యాక మలబారు స్పెషల్ పోలీసుల్ని దింపారు. 1924 జనవరికి అస్సాం రైఫిల్స్ వచ్చారు. ఆ ఏప్రిల్లో రూథర్‌ఫర్డ్ ప్రత్యేక కమిషనరుగా వచ్చాక వేట అంతా గ్రామాల మీదికి మళ్లింది. రాజు దళాన్ని అడవిలో పట్టుకోలేనివాళ్లు తిండి దొరక్కుండా చేస్తే చాలునని తెలుసుకున్నారు. అనుమానం వచ్చిన ఊరికి శిక్షా పోలీసుల్ని పెట్టి, వాళ్ల ఖర్చు ఆ ఊరి మీదే వేసే పద్ధతి 1861 పోలీసు చట్టంలోనే ఉంది. సాయుధ బలగాలు ఒక యుద్ధంలో ఇళ్ల మీద, ధాన్యపు గాదెల మీద, పొయ్యి మీద గురిపెట్టాయంటే దాని అర్థం ఏమిటి? యుద్ధం అక్కడ జరుగుతున్నదని శత్రువుకు తెలుసు. మన చరిత్రకారులకు తెలియలేదు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజును కాల్చి చంపేదాకా, ఆపైన జూన్‌లో గంటందొర నేలకొరిగేదాకా దాదాపు రెండేళ్లు ఆ దళం బతికింది. రెండేళ్లపాటు వాళ్లకు పెట్టిన తిండి ఆకాశం నుంచి రాలేదు.

తుపాకి పట్టలేదు కనుక పాత్ర తక్కువని వాదించేవారు మన మధ్య కూడా ఉన్నారు. సాయుధ రూపమే పోరాటానికి అత్యున్నత రూపమని నమ్మేవారికి పొయ్యి దగ్గరి పని తక్కువగా కనబడటం సహజం. అటువంటి మిత్రులకు నా ప్రశ్న ఒకటే. పట్టుబడితే దళంలోని మనిషికి దక్కే శిక్షకూ, గడ్డిమోపులో రొట్టెలతో పట్టుబడిన స్త్రీకి దక్కే శిక్షకూ తేడా ఉంటుందా? తేడా ఉంది. అతని మీద కేసు నడుస్తుంది, తీర్పు వస్తుంది, అతని పేరు కాగితం మీద మిగులుతుంది. గాం మల్లుదొర శిక్ష అనుభవించి బయటికొచ్చి 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. అది న్యాయమే, సంతోషమే. రొట్టె మోసినందుకు దెబ్బతిన్న స్త్రీకి కేసూ లేదు, తీర్పూ లేదు, కనుక చరిత్రా లేదు.

దేశంలో ఇతర చోట్ల పేర్లు మిగిలాయి. 1855 సంతాల్ హూల్‌లో సిద్దూ కన్హూల చెల్లెళ్లు ఫూలో, ఝానోల పేర్లు సంతాలుల నోట నిలిచాయి. 1900 జనవరిలో బిర్సా ఉల్‌గులాన్ సమయంలో ఏట్కేడీలో గయా ముండా ఇంటిని పోలీసులు చుట్టుముట్టినప్పుడు అతని భార్య మాకి, ఇంటి ఆడవాళ్లు చేతికందిన కర్రలతో, గొడ్డళ్లతో కలబడ్డారు. మాకి పేరు మనకెందుకు తెలుసు? ఆమె కలబడినది సాక్షాత్తు జిల్లా డిప్యూటీ కమిషనరుతో కనుక, ఆయన నివేదిక రాసుకోక తప్పలేదు కనుక. నాగా కొండల గైడిన్‌ల్యూ 1932లో పట్టుబడేనాటికి నిండా ఇరవై ఏళ్లు లేవు. యావజ్జీవ శిక్ష పడింది. 1947 దాకా జైల్లో ఉంది. ఆమె ఒక మతోద్యమానికీ ఒక దళానికీ నాయకురాలు. ఈ పేర్లు చదివినప్పుడల్లా మన మన్యంలో అటువంటి వాళ్లు లేరా అని మనసు గుంజుతుంది. లేకపోవడం వేరు, రాయకపోవడం వేరు. ఈ రెండిటినీ కలిపేస్తే రెండు రకాల పొరపాట్లు జరుగుతాయి. ఒకటి, లేరు అని తీర్మానించడం. రెండోది, ఉన్నారని కల్పించడం.

ఈ రెండో పొరపాటు గురించి కొంచెం కటువుగానే మాట్లాడాలి. ఇటీవల కొన్ని సభల్లో, కరపత్రాల్లో, ఫోన్లలో తిరిగే చిత్రపటాల్లో ఎన్నడూ వినని 'మన్యం వీరనారుల' పేర్లు కనబడుతున్నాయి. తేదీలతో సహా, గుర్రం మీద, చేతిలో బల్లెంతో. రంప కొండల్లో గుర్రం ఎక్కడ ఎక్కుతారో బొమ్మ వేసినవాడికే తెలియాలి. ఉద్దేశం మంచిదే కావచ్చు. ఖాళీ కనబడితే పూరించాలని రచయితకు అనిపిస్తుంది. కానీ ఈ పూరింపు చేసేదేమిటి? ఝాన్సీ రాణి బొమ్మకు కోయ చీర కట్టడం. అంటే పోరాటమంటే గుర్రమూ కత్తీ తప్ప మరేమీ కాదని ఒప్పుకోవడం. పొగ కనబడకుండా వండిన అవ్వను మళ్లీ ఒకసారి వెనక్కి నెట్టడం. నవలాకారుడు పాత్రను సృష్టించవచ్చు, అది అతని హక్కు. మహాశ్వేతాదేవి 1977లో 'అరణ్యేర్ అధికార్' రాసినప్పుడు బిర్సా కాలాన్ని నవలగానే రాశారు, చరిత్ర అని అచ్చువేయలేదు.

ఆదివాసులు స్వయంగా నిలుపుకున్న జ్ఞాపకం మాటేమిటని అడగవచ్చు. మేడారం ఉంది. సమ్మక్క సారలమ్మల కథ వలస పాలనకు ఎన్నో శతాబ్దాల ముందుది. కరువులో కప్పం కట్టలేమన్నందుకు కాకతీయ సేనలు మీదికొస్తే తల్లీకూతుళ్లు పోరాడారని కోయల నమ్మకం. రెండేళ్లకోసారి మాఘ పున్నమికి చిలకలగుట్ట నుంచి కుంకుమభరిణె రూపంలో సమ్మక్కను, కన్నెపల్లి నుంచి సారలమ్మను తెచ్చి గద్దెల మీద నిలుపుతారు. విగ్రహం లేదు. రాజుగారి ఆస్థానంలో ఒక్క శాసనమూ లేదు. అయినా పేరు పోలేదు. పన్ను కట్టలేమని తిరగబడిన స్త్రీని జ్ఞాపకం పెట్టుకునే సంప్రదాయం ఆ జనానికి ఉన్నదనడానికి ఇంతకంటే రుజువేం కావాలి? ఆ సంప్రదాయం ఉన్న జనం మధ్యకు 1879లో, 1922లో కాగితం పట్టుకుని వెళ్లినవాళ్లలో అది వినగలిగినవాళ్లు లేరు.

మా నిజాం ఇలాకా సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం కోస్తా వ్యాసమే అవుతుంది. జహీరాబాదు 1956 దాకా బీదరు జిల్లాలోది. నిజాం పాలన వలస పాలన కాదు గదా అని కొందరంటారు. 1798లో సైన్య సహకార ఒడంబడిక చేసుకుని, రెసిడెంటు కనుసన్నల్లో నడిచి, అడవుల శాఖను తెల్లవాళ్ల నమూనాలో పెట్టుకున్న రాజ్యాన్ని మరేమనాలి? జోడెన్‌ఘాట్‌లో 1940లో కొమురం భీంను, అతని సహచరుల్ని కాల్చి చంపిన తరువాత, గోండుల అసంతృప్తికి కారణాలు వెదకడానికి నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను పంపింది. ఆయన 'ట్రైబల్ హైదరాబాద్' 1945లో వచ్చింది. మన భాషలో 1983లో సాహు, అల్లం రాజయ్యలు 'కొమురం భీం' నవల రాశారు. భీం భార్య సోంబాయి పేరు మనకు తెలుసు. భార్యగా తెలుసు. బాబెఝరి చుట్టుపక్కల పన్నెండు ఊళ్ల కోసం నెలల తరబడి గుట్టమీద నిలబడ్డ జనంలో సగం మంది స్త్రీలు గదా. జల్, జంగల్, జమీన్ అన్న మూడు మాటల్లో నీళ్లు మోసేది, కట్టెలు తెచ్చేది, నాట్లు వేసేది ఎవరు?

మరొక సంగతి చెప్పి ముగిస్తాను. ఆదివాసీ, సంచార స్త్రీల పేర్లను వలస ప్రభుత్వం శ్రద్ధగా రాసుకున్న రిజిస్టరు ఒకటుంది. అది నేరస్థ తెగల చట్టం కింద పెట్టినది. 1871లో ఉత్తరాదిన మొదలైన ఆ చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికీ వర్తింపజేశారు. ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పూ ధాన్యమూ మోసుకు తిరిగిన ఎరుకలు, సుగాలీల వర్తకాన్ని ఉప్పుపన్నూ రైలుపట్టాలూ దెబ్బతీశాయి. బతుకుదెరువు పోయినవాళ్లను అదే ప్రభుత్వం పుట్టుదొంగలంది. బాపట్ల దగ్గర 1913లో సాల్వేషన్ ఆర్మీ చేతిలో పెట్టిన స్టూవర్టుపురం అలా పుట్టింది. యక్షగానంలో మన నాయిక చేయి పట్టుకుని జోస్యం చెప్పిన ఎరుకలసాని గంపెత్తుకుని ఎక్కడికి వెళ్లిందో ఇప్పుడు తెలిసింది గదా. హాజరు పట్టీకి వెళ్లింది. తిరుగుబాటు చేసిన స్త్రీకి పేరు రాయని చేయి, తిరగడమే నేరమైన స్త్రీకి పేరుతో పాటు వేలిముద్ర కూడా తీసుకున్నది. ఆ చట్టం 1952లో గానీ పోలేదు.

మొన్న మళ్లీ అదే తరగతికి వెళ్లి ఈ సంగతులు చెప్పాను. గొడ్డలికి నాలుగణాల పన్ను, జీలుగుదవ్వ పిండి, మంచులో కలిసిపోయే పొగ. పొగ దగ్గర ఆ అమ్మాయి, "మా అవ్వ చెప్పింది గది" అని పక్కపిల్లతో గుసగుసలాడింది. రంప మన్సబ్‌దారు కూతురి కథ చెప్పినప్పుడు చేయెత్తి, "ఆమె పేరేంది సార్?" అన్నది. పుస్తకంలో రాయలేదమ్మా, అన్న పేరు ఉంది అన్నాను. నోట్సులు దిద్దేటప్పుడు చూశాను. ఆ అమ్మాయి కూతురి పేరు రాయవలసిన చోట ఒక పొడుగాటి గీత గీసి ఖాళీ వదిలింది. దాని కింద మధువతి రామభూపతి అని గుండ్రంగా రాసుకుంది.